మధ్యాహ్న భోజనాన్ని గాలికి వదలకండి: హైదరాబాద్ కొత్త హోటళ్ల యజమానులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన యజమానులకు, వంటమాస్టర్లకు నమస్కారం.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట ప్రాంతాల్లో ఈ మధ్య హోటల్ తెరిచినవారికీ, తెరవబోతున్నవారికీ ఈ లేఖ రాస్తున్నాను. నేను ఈ చుట్టుపక్కలే ఉద్యోగం చేస్తాను. ఎక్కడైనా కొత్త బోర్డు కనబడితే చాలు, వీలు చూసుకుని ఒక మధ్యాహ్నం అక్కడ భోంచేసి రావడం నాకూ నా సహోద్యోగులకూ ఎన్నాళ్లుగానో ఉన్న అలవాటు. మాలో ఒకరిది కరీంనగర్, ఒకరిది అమలాపురం, ఒకరిది కడప. ఎవరి నాలుక వారిదే. కొత్త హోటల్ అనేసరికి మాత్రం అందరికీ ఒకే ఉత్సాహం. మీ హోటల్ నిలబడాలనే మేం కోరుకుంటాం. నిలబడితే ఆఫీసు పక్కనే మాకు మంచి తిండి దొరుకుతుంది కదా. అందుకే ఏడాది తిరగకముందే అవే మెట్లెక్కి వెళ్తే అదే తలుపుమీద ఇంకో పేరు కనిపించినప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. అలా మూతపడిన చోట్ల మేం తిన్న భోజనాలను తలచుకుంటే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ హోటళ్లన్నీ రాత్రి బేరం కోసమే కట్టినవి. మధ్యాహ్నాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మీ హోటల్‌కు ఒకసారి మధ్యాహ్నం పన్నెండున్నరకు మామూలు మనిషిలా వచ్చి కూర్చోండి. శనివారం రాత్రి మెరిసిపోయే హాల్లో సగం దీపాలు ఆర్పేసి ఉంటాయి. ఒక మూల నేల తుడుస్తుంటారు. ఏసీ అప్పుడే వేస్తారు, గది చల్లబడేసరికి మేం లేచిపోయే వేళ అవుతుంది. మెనూలో వేలు పెట్టి చూపించిన ప్రతి దానికీ ‘అది సాయంత్రమే ఉంటుంది సార్’ అన్న సమాధానం వస్తుంది. పెద్ద వంటమాస్టర్ నాలుగు గంటలకు వస్తాడట. అప్పటిదాకా పొయ్యి దగ్గర ఉండేది నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు.

రాత్రి మీ దగ్గరికి వచ్చేవారు పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో ఊరికి ఆ చివర నుంచి వస్తారు. మళ్లీ ఎప్పుడొస్తారో వారికే తెలియదు. మేమైతే నడిచి వచ్చేంత దూరంలో ఉన్నాం. భోజనం నచ్చితే వారంలో ఎన్నిసార్లయినా వస్తాం, మరో పదిమందిని వెంటబెట్టుకుని వస్తాం. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు ఈ చుట్టుపక్కల రాళ్లూ పొదలూ తప్ప ఏముంది? ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి ఈ వీధుల్లో ఆకలితో రోడ్డెక్కే జనం ఎంతమందో మీరే చూస్తున్నారు. రోడ్డు పక్కన గొడుగు వేసుకుని అన్నం, రెండు కూరలు, ఒక వేపుడు పెట్టుకుని అమ్మే ఆడవాళ్ల దగ్గర గిన్నెలన్నీ రెండు గంటలకల్లా ఖాళీ అవుతున్నాయి. వారికి షాండ్లియర్ లేదు, గోడమీద బొమ్మలు లేవు. అన్నం వేడిగా ఉంటుంది, అంతే.

అన్నం సంగతే ముందు మాట్లాడుకుందాం. తెలుగువాడి భోజనంలో అది కుదరకపోతే పక్కన ఎన్ని పెట్టినా దండగ. కొత్త హోటళ్లలో చాలాచోట్ల పదకొండు గంటలకే పెద్ద గంగాళంలో ఒకేసారి వండేసి హాట్ బాక్సుల్లో కూరేస్తున్నారు. ఆవిరి మూతకు తగిలి చుక్కలుగా మళ్లీ అన్నంమీదే పడుతుంది. ఒంటిగంటన్నరకు మా ఆకులోకి వచ్చేసరికి అడుగున ఉన్నది ముద్దయిపోతుంది, అంచున ఉన్నది పలుకు తేలి బిరుసెక్కుతుంది. పప్పు కలపబోతే ఉండలు విడవవు. ఇంట్లో అయితే ఎవరూ ఒప్పుకోని అన్నం ఇది. పన్నెండుంపావుకు ఒక వాయి, ఒంటిగంటకు ఒక వాయి, పావుతక్కువ రెండుకు చివరి వాయి వండించండి. గ్యాస్ కొంచెం ఎక్కువ కాలుతుంది, ఇంకో మనిషి చేయి కావాలి. హాలు మధ్యలో నీటి ఫౌంటెన్ పెట్టగలిగినవారికి అది పెద్ద ఖర్చేమీ కాదు.

బియ్యం కొనేటప్పుడు కూడా మనసు పెట్టండి. బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే రైతులు బీపీటీ అని పిలిచే 5204 రకం, ఇప్పటికీ మన ఇళ్లలో రాజ్యమేలుతోంది. తెలంగాణ సోనా అని పేరు పడిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 అయితే మన రాజేంద్రనగర్‌లోనే పుట్టింది. మీలో చాలామంది హోటళ్లకు అది ఔటర్ రింగ్ రోడ్డుమీద కాసేపట్లో చేరే దూరం. సన్నని గింజ, తేలికగా అరుగుతుంది, మధ్యాహ్నం తిన్నాక కంప్యూటర్ ముందు కునికిపాట్లు పడేవాళ్లకు ఎంతో హాయి. ఇంత మంచి బియ్యం చేతికందే చోట ఉండగా, కోతలయ్యి నెల తిరగని కొత్త బియ్యం చౌకగా వచ్చిందని వండి పెడితే అది అంటుకుపోకుండా ఎలా ఉంటుంది? మా ఆకులో ఏ బియ్యం వడ్డిస్తున్నారో మెనూలో ఒక ముక్క రాయండి. మిగతావన్నీ రాస్తున్నారు కదా.

పప్పు గురించి చెప్పేటప్పుడు ఒక మంచి మాటతో మొదలుపెడతాను. కొండాపూర్ వైపు ఒక సందులో, మొదటి అంతస్తులో కొత్తగా తెరిచిన ఒక చిన్న హోటల్‌లో మొన్న వేసవిలో మామిడికాయ పప్పు తిన్నాం. టెంకతో సహా ముక్కలు వేశారు. కందిపప్పు మెత్తగా ఉడికినా గింజ ఆనవాలు మిగిలింది. పులుపు పప్పులో కొంత, ముక్కలో కొంత ఉంది. వెల్లుల్లి పొట్టుతోనే చితక్కొట్టి నేతిలో వేయించినట్టున్నారు, ఎండుమిర్చి నల్లబడే ముందు క్షణంలో దించేశారు. ఆ పోపు వేసిన గిన్నె వంటింట్లోంచి బల్ల దగ్గరికి వచ్చేసరికి ఇంకా చిటపటమంటోంది. వడ్డించిన పెద్దాయన ‘టెంక చీకండి, దాన్లోనే ఉంది రుచంతా’ అని చెప్పి ఇంకో గరిటె వేశారు. అమలాపురం మనిషి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు, ఎప్పుడూ సగం అన్నంతో లేచిపోయే కడప ఆమె కూడా పెట్టించుకుంది. ఆ భోజనంలో పప్పు కాక ఉన్నవి ఒక వేపుడు, ఒక పులుసు, దోసకాయ పచ్చడి, చారు, గడ్డపెరుగు మాత్రమే. ఆ రోజు నుంచి ఆ మెట్లు మా కాళ్లకు అలవాటయ్యాయి.

ఇప్పుడు దానికి ఎదురుగా మీ ముప్ఫై గిన్నెల మహారాజ భోజనాన్ని పెట్టి చూడండి. పళ్లెం రాగానే ఫొటోకు బాగుంటుంది, ఒప్పుకుంటాను. గిన్నెలు ఒక్కొక్కటే రుచి చూస్తూ పోతే ఎర్రగ్రేవీ ఒకటి, తెల్లగ్రేవీ ఒకటి, ఆ రెండింటిలోనే వంకాయ ఒకచోట, పనీర్ ఒకచోట, పుట్టగొడుగు ఇంకోచోట ఈదుతుంటాయి. ఉలవచారులో క్రీమ్ పోస్తారు. ఉలవలు రాత్రంతా నానబెట్టి, గంటల తరబడి ఉడికించి, వార్చిన కట్టును మళ్లీ చిక్కబడేదాకా మరిగిస్తే వచ్చే ఘాటైన రుచి ఆ క్రీముతో మాయమవుతుంది. ముప్ఫైలో ఇరవై నాలుగు మూతి తగలకుండానే వెనక్కి వెళ్తాయి. తినే మాకు అది మనసుకు కష్టం, వండినవారి శ్రమ వృథా, మీకు నష్టం. ఎవరి కోసం ఇదంతా?

పేర్ల విషయంలోనూ ఒక విన్నపం. రాజుగారి కోడి పులావ్, దొరగారి మటన్, గడీ వంటకం, అమ్మమ్మ చేతి కూర అని మెనూ నిండా నింపుతున్నారు. బోర్డుమీద ఆంధ్ర, తెలంగాణ, రాయలసీమ మూడూ ఉంటాయి. వంటింట్లో మాత్రం మసాలా ముద్ద ఒక్కటే. మా కరీంనగర్ సహోద్యోగి ప్రతి కొత్త హోటల్‌లోనూ పచ్చి పులుసు ఉందా అని అడుగుతాడు. చాలాచోట్ల లేదనే అంటారు. ఒకచోట రసం తెచ్చి ఇదే అన్నారు. తెలంగాణ రాజధానిలో, ఎండ మండిపోయే మధ్యాహ్నం, పచ్చి పులుసు దొరకకపోవడం నాకైతే అన్యాయంగా తోస్తుంది. చింతపండు పిసికిన నీళ్లు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిర్చి, కొత్తిమీర, ఇష్టమైతే వేయించిన నువ్వుల పొడి. పులుసు మరిగించే పనే లేదు. ఇంతకంటే సులువైనదీ, ఈ నేలకు సొంతమైనదీ ఏముంటుంది? జొన్న రొట్టె సంగతి కొంచెం వేరు. అది పెనంమీంచి నేరుగా పళ్లెంలోకి రావాలి, ముందే కాల్చి దొంతి పెడితే అట్టలా బిగుసుకుపోతుంది. సాయంత్రం అయ్యేసరికి ఈ నగరంలో ఏ కాలనీ మలుపు చూసినా రోడ్డు పక్కన కూర్చుని చేత్తో తట్టి కాల్చి ఇచ్చే అమ్మలు కనిపిస్తారు. వారిలో ఒకరికి మీ హోటల్‌లో మంచి జీతంతో, గౌరవంగా ఒక పొయ్యి ఇచ్చి చూడండి.

2019 అక్టోబర్‌లో యునెస్కో హైదరాబాద్‌ను పాకశాస్త్ర విభాగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. ఆ మాట వచ్చిన ప్రతిసారీ బిర్యానీ, హలీం బొమ్మలే వేస్తారు. బిర్యానీ అంటే నాకు ప్రాణం. పన్నెండు గంటలకు మొదటి హండీ మూత తీసినప్పుడు తినే బిర్యానీకి రాత్రి పదింటి బిర్యానీ సాటిరాదని కూడా చెబుతాను. 1953లో సికింద్రాబాద్‌లో సినిమా హాలు పక్కన చిన్న కేఫ్‌గా మొదలైన ప్యారడైజ్ ఈ ఊరికి తెచ్చిన పేరు చిన్నదా? కాని రోజూ బిర్యానీ తినలేం కదా. మనిషి రోజూ తినేది పప్పు, కూర, చారు, మజ్జిగ. ఆ రోజువారీ తిండిని శ్రద్ధగా పెట్టి తరాల తరబడి నిలిచిన హోటళ్లు మనకు ఉన్నాయి. కాకినాడ సుబ్బయ్యగారి హోటల్‌నే చూడండి. అక్కడ బుట్ట భోజనానికి ఎంత పేరుందో, పక్కన నిలబడి కొసరి కొసరి వడ్డించడానికీ అంతే పేరుంది. వచ్చిన మనిషి కడుపు నిండా తిని లేవాలన్న పట్టుదల ఆ వడ్డనలో ఉంది. ఆ పట్టుదలే మీ దగ్గర కూడా చూడాలని ఉంది.

ఏ కూర వండాలో వంటమాస్టర్ నెల మొదట్లోనే పట్టిక రాసేసుకుంటే ఏడాదంతా క్యాబేజీ, బంగాళాదుంప, బెండకాయలే తిరుగుతాయి. 1999లో మొదలైన రైతుబజార్లు మెహదీపట్నంలో, ఎర్రగడ్డలో, కూకట్‌పల్లిలో పొద్దున్నే కళకళలాడుతుంటాయి. అక్కడికి మీ మనిషిని పంపండి, ఆ రోజు లేతగా కనబడిందే ఆ రోజు కూర. ఎండల్లో చింతచిగురు దొరికితే పప్పులో వేయండి, మాంసంలో వేయండి. వానలు పడ్డాక గోంగూర. చలికాలంలో చిక్కుడుకాయ, సంక్రాంతి దగ్గరికి వచ్చేసరికి అనపగింజలు. కాలం మారినట్టు మా ఆకులో కూడా తెలియాలి.

మీ సర్వర్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఒడిశా, బెంగాల్, అస్సాం, బిహార్, నేపాల్ నుంచి ఇల్లూవాకిలీ వదిలి వచ్చిన పిల్లలు వారు. ఈ ముద్దపప్పులో పోపు ఉంటుందా, ఈ పచ్చడి ఎంత కారం అని అడిగితే బిక్కమొహం వేస్తారు. తప్పు వారిది కాదు. తాము వడ్డిస్తున్నది వారు ఎప్పుడూ తినలేదు. సిబ్బందికి వేరే వంట, వేరే బియ్యం, మూడు దాటాక ఏదో మూలన నిలబడి తినడం. దీన్ని మార్చండి. పదకొండున్నరకు వారిని కూర్చోబెట్టి, ఆ రోజు మాకు పెట్టబోయే భోజనమే వారికి పెట్టండి. గోంగూర పుల్లగా ఉంటుందని, దానికి పచ్చి ఉల్లిపాయ నంజుకోవాలని తిన్నవాడైతే తన మాటల్లోనే చెప్పగలడు. మాకు తెలుగులోనే చెప్పాలన్న పట్టింపు ఏమీ లేదు. ఇంకొకటి. చిన్న గ్లాసు జారితే హాలు మధ్యలో, అందరి ముందూ మేనేజర్లు ఆ పిల్లల్ని కసురుకుంటున్నారు. అది చూశాక మాకు ముద్ద దిగదు.

ఫోన్లలో వచ్చిన ఆర్డర్లు తీసుకెళ్లే డెలివరీ కుర్రాళ్లదీ ఇలాంటి కథే. ఒంటిగంటకు కౌంటర్ ముందు పార్సిల్ సంచుల వరుస, వాటి వెనక ఎండలో నిలబడిన మనుషులు. లోపల కూర్చున్న మా ఆర్డర్ ఆ సంచుల కింద పడి నలభై నిమిషాలు నలుగుతుంది, బయట వారికి నీడ ఉండదు, తాగడానికి నీళ్లుండవు. పక్కగా ఒక కిటికీ, పైన ఒక రేకు, ఒక బెంచీ, ఒక నీళ్ల క్యాను పెట్టండి. పార్సిళ్లకు వేరే పొయ్యి కేటాయించండి. మాకు దొరికే భోజన విరామం గంటే. అందులో వెళ్లిరావడానికే కొంత పోతుంది.

ఇక బిల్లు. ఇక్కడ విన్నపాలు లేవు, చట్టమే ఉంది. స్టార్ హోటళ్ల లెక్క వేరు, మామూలు రెస్టారెంట్ భోజనంమీద జీఎస్టీ 2017 నవంబర్ నుంచి 5 శాతమే. అమ్మకాలమీద కొద్దిపాటి పన్ను తానే కట్టుకునే కాంపొజిషన్ పథకం కింద నమోదైన చిన్న హోటల్ అయితే కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయడానికే వీల్లేదు, ఆ సంగతి బిల్లుమీద రాయాలి. సర్వీస్ చార్జిని అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని సవాలు చేస్తూ హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. అయినా ఈ మధ్య ఒక కొత్త హోటల్‌లో మా బిల్లుమీద ‘సిబ్బంది సంక్షేమం’ అన్న పేరుతో 7 శాతం కలిపారు. తీసేయమంటే క్యాషియర్ మా వైపు పిసినారుల్ని చూసినట్టు చూశాడు. మాకు వడ్డించిన అబ్బాయికి మేం చేతికి ఇచ్చేది ఎలాగూ ఇస్తాం. సంక్షేమం మీ జీతాల చిట్టాలో కనబడాలి. 1915 అన్న వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ మా అందరి ఫోన్లలో ఉంది, దాన్ని వాడే అవసరం రానీయకండి. ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబర్ 2022 జనవరి నుంచి ప్రతి బిల్లుమీదా ఉండాలి. కొన్ని కొత్త చోట్ల ఇప్పటికీ ఆ గడి ఖాళీగానే ఉంటోంది.

కూర్చోగానే ‘బాటిల్ నీళ్లా, మామూలు నీళ్లా’ అని అడగడం కూడా ఆపించండి. ఇంటికొచ్చినవారికి మొదట మంచినీళ్లివ్వడం మన పద్ధతి. శుభ్రమైన నీళ్ల కూజా అడక్కుండానే బల్లమీద ఉండాలి. బాటిల్ కావలసినవారు వారే అడుగుతారు.

2024లో తెలంగాణ ఆహార భద్రత అధికారులు నగరంలోని హోటళ్లను వరుసగా తనిఖీ చేసినప్పుడు బయటపడినవన్నీ పత్రికల్లో చదివాం. గడువు దాటిన సరుకులు, మూతల్లేని గిన్నెలు, తేదీ రాయకుండా ఫ్రిజ్‌లో పెట్టిన వంటకాలు, బొద్దింకలు. అదే ఏడాది అక్టోబర్ చివర్లో పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించాల్సి వచ్చింది. ఆ వార్తల తర్వాత మా ఆఫీసులో ఎంతోమంది ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకోవడం మొదలుపెట్టారు. వారిని మళ్లీ రప్పించాలంటే ప్రకటనలు చాలవు. వంటింటికి ఒక అద్దం గోడ పెట్టండి. దాపరికం లేని వంటిల్లు చూస్తే మా భయం దానంతటదే పోతుంది.

చివరగా నక్షత్రాల గురించి. చేయి కడుక్కోకముందే ఫోన్ పట్టుకుని ‘ఐదు నక్షత్రాలు ఇవ్వండి సార్, గులాబ్‌జామూన్ ఉచితం’ అని మీ కుర్రాళ్లు అడుగుతున్నారు. ఎన్ని రేటింగులు తెస్తే అంత ప్రోత్సాహకం అని వారికి చెప్పారట. అలా తెచ్చుకున్న నక్షత్రాలను నమ్మి ఒకసారి వస్తాం, మళ్లీ రాం. దానికి బదులు ఒంటిగంట నుంచి రెండున్నర దాకా మీరే వంటింటి వెనక, ఎంగిలి పళ్లాలు వచ్చి పడేచోట నిలబడండి. ఏ గిన్నె ముట్టకుండా వస్తోంది, ఏది తుడిచినట్టు ఖాళీగా వస్తోంది, ఎంత అన్నం పారేస్తున్నారు అన్నవి చూడండి. వారంపాటు అలా చూశాక మీ మెనూలో ఏం ఉంచాలో, ఏం తీసేయాలో మీకే తెలుస్తుంది.

వచ్చే నెలలో మా ఆఫీసు వెనక వీధిలో ఇంకో కొత్త హోటల్ తెరుస్తున్నారు, బోర్డు అప్పుడే కట్టేశారు. ఆ యజమాని ఎవరో నాకు తెలియదు, ఈ లేఖ వారి కంటపడితే సంతోషం. తెరిచిన మొదటి వారంలోనే మేం నలుగురం మధ్యాహ్నం వస్తాం. ఆ రోజు కూర ఏమిటో పదకొండు గంటలకల్లా తలుపు దగ్గర పలకమీద రాసిపెట్టండి, అన్నం ఒంటిగంట వాయిది వడ్డించండి, కరీంనగర్ ఆయనకు ఒక గిన్నెడు పచ్చి పులుసు పోయండి.

ఇట్లు,
మాదాపూర్‌లో ఉద్యోగం చేసే ఒక భోజనప్రియుడు